నాలుగూ పది

మార్చి 3, మంగళవారం

ఇవాళ కూడా వచ్చింది. సాయంత్రం నాలుగూ పదికి, సర్వర్ లాగ్‌లో ఒక్క లైను. మీటింగ్‌లో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని చూశాను. అక్క క్షేమం.

నా సైటులో ఎనభై మూడు మంది కథలున్నాయి, అన్నీ "కొత్త ఇల్లు" అనే ఆశ్రమం నుంచి బయటపడ్డవాళ్ళవి. నేను నలుగురికీ తెలిసింది ఆ సైటు వల్లే. కొత్త ఇల్లు వాళ్ళు నన్ను ఇంటిదొంగ అంటారు. ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేడట, వీళ్ళేం పడతారులే అని నవ్వుకుంటాను.

ఆ సైటులో లేని కథ అక్కది. మూడేళ్ళ కిందట బావ వెంట చేరింది, ఇంకా లోపలే ఉంది. అక్కడ ఎవరికీ ఫోన్ ఉండదు. సరుకులు తెప్పించడానికి వంటగదిలో ఒకటి ఉంటుంది. సాయంత్రం ఒక్క నిమిషం అది అక్క చేతికి దొరుకుతుంది. నాన్న పోయినప్పుడు తనని గంటసేపు పంపారు. నాన్న చొక్కాలు మడతపెడుతూ ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నా సర్వర్‌లో వంటింటి చిట్కాల పేజీ ఒకటుంది. అక్క దాన్ని తెరిస్తే లాగ్‌లో ఒక లైను పడుతుంది. రోజుకి ఒకసారి తెరిస్తే బాగున్నట్టు. రెండుసార్లు తెరిస్తే, వచ్చి తీసుకెళ్ళమని.

మార్చి 6, శుక్రవారం

కొత్త ఇల్లు తరఫున నెట్‌లో వాదించే ఒకాయన ఉన్నాడు. భక్త ఇంజనీర్ అని పేరు పెట్టాను. ఆ కథలన్నీ నేనే కూర్చుని రాసుకున్నానట, దాపరికం లేకపోతే సైటు కోడ్ బయటపెట్టమన్నాడు. వేలమంది చూస్తుండగా అన్నాడు.

పక్క సీటు టీమ్ లీడ్ వదిలెయ్యమన్నాడు. మొరిగే ప్రతి కుక్కకీ జవాబిస్తే ఇల్లెప్పుడు చేరతావు తల్లీ అన్నాడు. నేను వినే రకమా? కథలు డేటాబేస్‌లో భద్రంగా ఉన్నాయి, కోడ్‌లో ఏముంటుందని. మూడింటికి మొత్తం పబ్లిక్ చేశాను.

భక్త ఇంజనీర్ నోరు మూతపడింది. రెండు వేల లైకులు. ఇంటికి వస్తూ లిఫ్ట్ అద్దంలో నన్ను నేనే చూసి నవ్వుకున్నాను.

మార్చి 7

నాలుగూ పది. ఒకసారి.

మార్చి 8, ఆదివారం

తల దువ్వుకుంటుంటే గుర్తొచ్చింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

నాన్న పోయినప్పుడు అక్క వచ్చి వెళ్ళిన రోజు, మరిచిపోతానేమోనని, ఆ పేజీ కోడ్‌లో ఒక కామెంట్ రాసుకున్నాను. "వంటగది ఫోను. అక్క. ఒకసారి: క్షేమం. రెండుసార్లు: వెళ్ళి తీసుకురా." జనవరిలో దాన్ని చెరిపేశాను. కానీ కోడ్ దాచుకునే గిట్‌లో పాత వెర్షన్లన్నీ ఉంటాయి. చెరిపినవీ ఉంటాయి, ఎప్పుడు చెరిపానో తేదీతో సహా. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం ఈ పాఠం చెప్పేది నేనే. దానికో స్లైడు కూడా ఉంది.

వెంటనే ప్రైవేట్ చేశాను. అప్పటికే నలభై ఒక్క మంది కాపీ చేసుకున్నారు.

నాలుగూ పదికి ఏమీ రాలేదు. ఆరు దాకా చూశాను.

మార్చి 9

రాలేదు.

మార్చి 11, బుధవారం

అమ్మకి చెప్పక తప్పలేదు. గిట్ అంటే ఏమిటో, కామెంట్ అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. చెప్పినంతసేపూ నా వంక చూడలేదు. తడి గుడ్డతో గట్టు తుడుస్తూనే ఉంది, తుడిచినచోటే మళ్ళీ.

చివరికి అంది: "వాదనలో నెగ్గావుగా. ఇక కంచం పెట్టుకో."

అరిచినా బాగుండేది.

మార్చి 14, శనివారం

బావ ఫోన్ చేశాడు. ఎంత మర్యాదగానో! నా ఉద్యోగం ఎలా ఉందని అడిగాడు. అమ్మ మోకాళ్ళ గురించి అడిగాడు. అక్క తనంతట తానే నలభై రోజుల మౌనం తీసుకుందట. ఒక్క మాట వినిపించు బావా, దగ్గినా చాలు అని బతిమాలాను.

"మౌనంలో ఉన్న మనిషికి గొంతెక్కడిదమ్మా" అన్నాడు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. మేజరు, భర్త దగ్గరే ఉంది, కంప్లైంట్ ఏమని రాసుకోవాలని అడిగారు. పోలీసులు సరిగ్గా ఇలాగే అంటారని నా సైటులో నేనే రాశాను, అప్పుడేం చెయ్యాలో కూడా. స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో నా పేజీ నేనే చదువుకున్నాను. ఎంత ధీమాగా రాశానో. ఒక్క ముక్కా పనికి రాలేదు.

మార్చి 20, శుక్రవారం

నా దగ్గర గుట్టు నిలవదని, తమ కథలు తీసెయ్యమని ఇప్పటికి తొమ్మిదిమంది రాశారు. తీసేశాను. "చెరిపేశాను" అని జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. "ఇక కనపడదు" అని రాశాను.

మిగిలినవి మళ్ళీ చదివాను. వెళ్ళిపోదామనుకున్నారని రుజువైతే ఆ మనిషిని దూరపు శాఖకి పంపేస్తారు. ఆ తరవాత ఆచూకీ ఉండదు. పదకొండు కథల్లో ఇదే ఉంది.

ఇంకా రుజువు కాలేదేమో. నాకేం తెలియదు, అదంతా మా చెల్లెలి పిచ్చి అని అక్క బుకాయిస్తూ ఉండొచ్చు. అక్క బుకాయిస్తే గట్టిగా బుకాయిస్తుంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దానికి గాలిని దోషిని చేసింది, నాన్న నమ్మాడు కూడా. మేము కొత్త ఇల్లు గేటు దగ్గర కనిపించనంత కాలం ఆ బుకాయింపు నిలుస్తుంది. ఏమీ చెయ్యకపోవడమే ఇప్పుడు నేను చెయ్యగలిగింది.

అమ్మ రోజూ నాలుగింటికి వచ్చి నా పక్కన కూర్చుంటోంది. అక్షరాలు తెలియని భాషలో లాగ్ చూస్తుంది. వచ్చిందా అని అడగదు.

మార్చి 26, గురువారం, సాయంత్రం 4:20

4:10కి ఒకసారి. 4:11కి ఇంకోసారి.

అక్కా? ఆ కామెంట్ చదివినవాళ్ళా? లైనుకి ముఖం ఉండదు.

అమ్మకి చెప్పాను. రెండుసార్లంటే ఏమిటో ఇప్పుడు వాళ్ళకీ తెలుసు, ఇది వల కావచ్చు, మనం వెళ్తే అదే రుజువు అని. అంతా విన్నది.

చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. అమ్మకి డ్రైవింగ్ రాదు.