వానలో చూడాల్సిన గోడ

ప్రియమైన డెలియాకు,

ఫోన్‌లో నవ్వించి మాట దాటేస్తానని నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఉత్తరమే రాస్తున్నాను. తప్పులుంటే మీ చెల్లెలు బ్రీజ్‌కు చూపించకు. బడిపంతులమ్మ కదా, ఎర్ర సిరా తీస్తుంది.

ఇక్కడ ఆవు, కుక్క, నేను క్షేమం, ఆ వరసలోనే. పడమటి గోడ మాత్రం క్షేమం కాదు. గోడలకు చెవులుంటాయంటారు, మన పడకగది గోడకు నోరు కూడా ఉంది. సముద్రం మీది వానంతా తాగి, లోపల నీ తలగడ పక్కన ఉమ్మేస్తోంది. నీ ఛాతీలో పిల్లికూతలకు ఆ చెమ్మే కారణమని డాక్టరు చెప్పాక, గోడ ఆరేదాకా గాల్వే పట్నంలో చెల్లెలి దగ్గరే ఉంటానని నువ్వు వెళ్లడం న్యాయమే.

హార్డ్‌వేర్ కొట్టు మార్తీన్ గోడలోకి వాన దిగకుండా కొట్టే మందు, సీలర్, రెండు రకాలు చూపించాడు. ఒకటి గోడ మీద గాజు పొరలా మెరుస్తుంది. రెండోది నీళ్లలా ఉంటుంది, సిమెంటులోకి ఇంకిపోతుంది, వేసినట్టే కనిపించదు. "వేసినా కనిపించని సరుకు అమ్ముతున్నావా? మోసంలో నన్నే మించిపోయావురా" అన్నాను. మెరిసేదే తెస్తాను.

నీ ఫెస్టీ

*

ప్రియమైన ఫెస్టీ,

మెరిసేది తెచ్చావంటే నువ్వూ గోడా కలిసి కాపురం చేసుకోండి. బ్రీజ్ ఇంటికి ఆ పొరే వేశారు. బయటి వానను ఆపింది, నిజమే. కానీ గోడ దిమ్మెల్లో అప్పటికే ఉన్న తడికి బయటికి దారి లేకపోయింది. చలికాలం దాటేసరికి పొర ఉల్లిపొట్టులా లేచింది. గోడకూ ఊపిరాడాలి, నాకూ ఆడాలి. ఇంకిపోయేదే తీసుకో.

ముందు పగుళ్లు సిమెంటుతో పూడ్చు. వాటిని ఏ సీలరూ మూయదు. తెల్లగా పొంగిన ఉప్పును గట్టి బ్రష్షుతో దులిపి, గోడ బాగా ఆరేదాకా ఆగు. నీకు ఆగడం రాదు, తెలుసు. అయినా ఆగు.

నా బాధ ఒక్కటే. వేసినా కనిపించదంటున్నావు. పోయినేడు "గోడ ఆరిపోయింది, చూడు" అని, బీరువా జరిపి మరకను దాచిన మహానుభావుడివి నువ్వు. నీ మాట నమ్మి ఇంకో చలికాలం ఆ గదిలో దగ్గలేను. వేశావని నాకెలా తెలియాలి?

డెలియా

*

ప్రియమైన డెలియాకు,

ఇంకిపోయేదే వేశాను. మన వైపు పొడి రోజులు బిషప్పుగారి లాంటివి. వస్తాయని అందరూ అంటారు, వచ్చింది చూసినవాడు ఉండడు. ఎట్టకేలకు వచ్చాయి.

సీలర్ అద్దం మీద పడితే మరక పోదట, కిటికీకి ఎరువు సంచి కప్పాను. బంగాళాదుంపలకు మందు కొట్టే పంపును శుభ్రంగా కడిగి, కింది వరస నుంచి పైకి కొట్టుకుంటూ పోయాను. పైనుంచి మొదలుపెడితే చారలు కడతాయి. మొదటిది తడిగా ఉండగానే రెండో కోటు వేశాను. గోడ ఎంత తాగిందో చెబితే మన పబ్బువాడు దాన్ని అల్లుడిని చేసుకుంటాడు.

పక్కింటి నోయెల్ వచ్చి, "ఏం ఫెస్టీ, గోడకు స్నానం చేయిస్తున్నావా?" అన్నాడు.

"అవును. నీకూ ఒక చెంబుడు మిగిల్చాను, చొక్కా విప్పు" అన్నాను.

బీరువాను ఆ గదిలోంచి తీసేశాను. మిగిలిన ఎరువు సంచులకు కూడా ఒక పని చెప్పాను, అది తర్వాత.

ఎలా తెలియాలి అన్నావు కదా. వానలో రా. ఎండ రోజున వస్తే ఏమీ కనిపించదు.

నీ ఫెస్టీ

*

ఫెస్టీ,

దగ్గుతో ఉన్న పెళ్లాన్ని వానలో రమ్మనే మొగుడు ఈ ఐర్లండు మొత్తంలో నువ్వొక్కడివే. ఏదో ఎత్తు వేశావు. నేను రాను.

డెలియా

*

ప్రియమైన ఫెస్టీ,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. మన వంటింట్లో కెటిల్ కింద పెడుతున్నాను. నువ్వు సంతకు వెళ్లావని నోయెల్ చెప్పాడు.

రానన్నాను, వచ్చాను. బస్సు మన ఊరి మలుపు తిరిగేసరికి కుండపోత. బస్సులోంచే గోడ కనిపించింది. ఎండ రోజున ఉన్నట్టే తెల్లగా ఉంది. చినుకులు క్యాబేజీ ఆకు మీదిలా జారిపోతున్నాయి. దాని నడుమ మనిషెత్తు నల్లటి అక్షరాలు: "డెలియా, ఇంటికి రా."

సంచులు అక్షరాలుగా కోసి అతికించి, వాటి కింద సీలర్ పడకుండా చేశావు కదూ. అక్కడ మాత్రమే గోడ తడిసి నల్లబడింది. బస్సంతా చదివింది. డ్రైవరు తలుపు తీసి, "దిగమ్మా, గోడే బతిమాలుతోంది" అన్నాడు.

నవ్వాను. ఫోను మాని ఉత్తరాలు రాయించినా నీ నవ్వించడం నుంచి తప్పించుకోలేకపోయాను.

తర్వాత పడకగదిలోకి వెళ్లి చేత్తో తడిమాను. గోడంతా పొడి, మధ్యలో తప్ప. గోడంతటికీ గొడుగు పట్టి నా పేరును వానలో నిలబెట్టావు, మేధావీ. చెమ్మ సరిగ్గా అక్కడినుంచే లోపలికి వస్తోంది.

మిగిలిన సీలర్ డబ్బా కొట్టంలో కనబడింది. గోడ ఆరగానే నువ్వు నిచ్చెన పట్టుకో. నేనే ఎక్కి ఆ అక్షరాలు మూసేస్తాను. చదివేశాను కదా, ఇక వాటితో పని లేదు.

అప్పటిదాకా మన మంచం చలిమంట ఉన్న ముందు గదిలోకి లాగించాను, నోయెల్ సాయంతో. నువ్వొచ్చేసరికి దాని మీదే పడుకుని ఉంటాను. బూట్లు బయటే విప్పు.

నీ డెలియా