బల్ల మీది రొట్టె

మునిర్కా,
2-8-2004

అమ్మా, నీకూ నాన్నకూ వందనాలు. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడి చర్చికి వచ్చే మన ఊరి ఆనందకుమారి ఆంటీ ఫోన్ చేసి నా గురించి ఏమైనా చెబితే నమ్మకు. నా పేగులకు గోధుమ పడదని, జన్మంతా ముట్టుకోవద్దని డాక్టరుగారు అన్నారని రాశాను కదా. ఈ ఉత్తరాదిలో అందరిదీ రొట్టెల తిండి. హాస్పిటల్లో తోటి నర్సులు నన్ను భోజనానికి పిలవడం కూడా మానేశారు. నలుగురితో కలిసి కూర్చునేది ఆదివారం తెలుగు చర్చిలోనే.

నిన్న ప్రభువు బల్ల. ప్రభువు శరీరమని పంచే రొట్టె పళ్లెం రాగానే నేను తీసుకోకుండా పక్కనున్న ఆంటీకి అందించాను. "ఏం తప్పు చేశావే, బల్ల వదిలేస్తున్నావు?" అంది, అందరూ వినేలా. "గోధుమ పడదు ఆంటీ" అన్నాను. "ప్రభువు శరీరం కూడా పడదా?" అంది.

మన పాస్టరుగారిని అడుగు, నా ఒక్కదానికి బియ్యప్పిండి రొట్టె పెడితే తప్పా? తప్పు కాదంటే ఇక్కడి పాస్టరుగారికి ఒక ఉత్తరం రాయించు. నాకు అడగడానికి నోరు రావడం లేదు. నాన్న కాలి పుండు మానిందా? తమ్ముడు ట్యూషన్‌కు వెళ్తున్నాడా? జంతికలు పంపితే ఇంగువ వేయకు, అందులోనూ గోధుమపిండి కలుపుతారట.

నాన్నకు చదివి వినిపించేటప్పుడు ఇది వదిలెయ్. ఆంటీ మాట పడలేక, పళ్లెం వెనక్కి తీసుకుని ముక్క తినేశాను. ఇవాళ డ్యూటీకి లేవలేకపోయాను. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ బల్ల ఉంది. ఆలోపు ఉత్తరం రాకపోతే మళ్లీ తినేస్తానమ్మా.

ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

నీ కెజియా