సయోధ్య గడువు

జూన్ 4

ఈ ఇంట్లో అత్తని ఆరళ్లు పెట్టేది కోడలే. పొద్దున్న కాఫీ చల్లారకముందే లావుపాటి డ్రాఫ్ట్ ఒకటి నా ముందు పడేసి, అత్తయ్యా, రేపటికల్లా చూసి పెట్టండి, మీ కత్తెర పడాలి అంది. కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పి రిటైరయ్యాక నా కత్తెర తుప్పు పడుతుందనుకున్నాను. కోడలు పడనిస్తేగా.

కోడలి ఆఫీసు కళ్లజోళ్ల దుకాణం మీద రెండు గదులు. ఇళ్లలో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం ఉన్న చట్టాలు చదవడం, బొక్కలు చూపించడం, ప్రభుత్వం వేసిన కమిటీల తలుపులు బాదడం వాళ్ల పని. పాలసీ అడ్వొకసీ అంటుంది కోడలు. మా అబ్బాయి పళ్ల డాక్టరు. వాడు మీ ఆఫీసు గొడవ అంటాడు.

ఇప్పుడు పోట్లాటంతా ఒక్క క్లాజు మీద. కొత్త చట్టం ప్రకారం, కొట్టిన మొగుణ్ణి ఇంట్లోంచి పంపించమని ఆడది కోర్టుని అడగవచ్చు. బానే ఉంది. కానీ ఆ అర్జీ జడ్జి చేతికి వెళ్లాలంటే ముందు ఆరు వారాలు ఆ మొగుడితోనే కలిసి కౌన్సెలింగ్‌లో కూర్చోవాలి. దానికి సయోధ్య గడువని పేరు. మన ఊళ్లో పైలట్‌గా ఇప్పటికే నడుస్తోంది. అది తీసేయాలని మన డిమాండ్.

ఇల్లు తగలబడుతోందని ఫోన్ చేస్తే, ముందు ఆరు వారాలు నిప్పుతో మాట్లాడి చూశారా అని అడిగే ఫైర్ స్టేషన్ ఇది. మార్జిన్‌లో ఇదే రాశాను. కోడలు చదివి నవ్వింది గానీ కొట్టేసింది. కమిటీకి హాస్యం పడదట.

జూన్ 9

కోడలితో షెల్టర్‌కి వెళ్లాను. అక్కడ ఒక లెక్కల టీచరు ఉంది. నలభై దాటి ఉంటాయి. మంచం మీద కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. సెలవు పెట్టినా తోటి టీచరు చేత తెప్పించుకుంటుందట. ఎర్ర పెన్నుతో, తప్పు, మళ్ళీ చెయ్యి అని రాస్తోంది ప్రతి చోటా. ఒట్టి తప్పు అని రాస్తే సరిపోదా అన్నాను. ఒట్టి తప్పంటే పిల్లలు పుస్తకం మూసేస్తారు మేడమ్ అంది.

మొగుడు నీళ్ల శాఖలో ఇంజనీరు. గొంతు ఎప్పుడూ పెంచడట. బట్ట కప్పే చోటే కొడతాడట, ఇంజనీరు కదా, కొలత తప్పడు అంది. అది జోకని అర్థమవడానికి నాకు కాస్త టైం పట్టింది.

ఆయన్ని ఇంట్లోంచి పంపించమని అర్జీ పెట్టింది. ముందు గడువు పూర్తి చేసి రమ్మన్నారు. మొదటి సిట్టింగ్‌లో ఆయన భోరున ఏడ్చాడట. కౌన్సెలర్ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయనకి ఇచ్చిందట. బాగా ఏడుస్తాడు మేడమ్, నేను నేను కాకపోతే నేనూ నమ్మేదాన్ని అంది టీచరు.

దారిలో కోడలు నా చెయ్యి పట్టుకుని, ఈ క్లాజు తీయించి తీరతాను అత్తయ్యా అంది. నమ్మాను.

జూన్ 10

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఈ సామెత పుట్టించింది ఎవడో తెలియదు గానీ తప్పకుండా మొగుడే.

జూన్ 21, సాయంత్రం

కోడలు కమిటీ నుంచి మొహం వెలిగిపోతూ వచ్చింది. కమిటీ అధ్యక్షుడికి మేం పెట్టుకున్న పేరు పావురం. మెడ ఆడిస్తూ, శాంతి శాంతి అన్నట్టు కూస్తాడు. ఆ పావురం ఇవాళ చాలా ఒప్పుకున్నాడట. షెల్టర్లకి ఏటా గ్రాంటు. ప్రతి వార్డుకీ ఒక రక్షణ అధికారి.

గడువు సంగతి ఏమైందని అడిగాను.

ఉంటుందట. ఆరు వారాలు నాలుగయ్యాయట. ఇచ్చిపుచ్చుకోవడం అత్తయ్యా, అన్నీ మనవే అంటే కుదరదు అంది. ఇచ్చింది ఎవరిది, పుచ్చుకున్నది ఎవరు అన్నాను. వినపడనట్టు చెప్పులు విప్పుకుంది.

ఇంకొకటి కూడా కలిపారట. గడువులో మూడో మనిషెవరూ సయోధ్యకి అడ్డు రాకూడదు, వస్తే నోటీసు. కోడలే కూర్చుని రాసిచ్చిందట. నెలాఖరు నుంచే మన ఊళ్లో అమలు. కొడుకుని ఎగదోసే అత్తల కోసం పెట్టాం, మీలాంటి అత్తల కోసం కాదులెండి అని నవ్వింది. చట్టానికి మనుషుల మొహాలు గుర్తుండవమ్మా అన్నాను. మీకు ప్రతిదీ అనుమానమే అంది.

జూన్ 22

పొద్దున్నే పోట్లాట అందుకున్నాం ఇద్దరం. నువ్వు అమ్మింది నీ సొమ్ము కాదు అన్నాను. కోడలు గిన్నె సింకులో పెట్టి నా వైపు తిరిగింది. మీరు క్లాసులో ఎప్పుడూ ఓడిపోలేదు అత్తయ్యా, పిల్లలు లేచి వెళ్లలేరు కాబట్టి, పావురం లేచి వెళ్లగలడు, ఆయన వెళ్తే ఉన్న రెండు షెల్టర్లూ మూతపడతాయి, అప్పుడు మీ టీచరుని ఎక్కడ పెడతారు అంది.

అన్న మాట నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది.

మా అబ్బాయి మధ్యలో దూరి, మీరిద్దరూ కాస్త సర్దుకుపోండి అన్నాడు. నీ క్లినిక్కులో పుచ్చిన పన్నుకీ ఇదే మందా అన్నాను.

జూలై 2

టీచరు ఇంటికి వెళ్లిపోయింది.

షెల్టర్‌లోనే ఉంటే భార్య సహకరించలేదని రాస్తాను, జడ్జి అది చూస్తాడు అందట కౌన్సెలర్. సహకరించాననిపించుకుంటే ఆర్డరు ఖాయం కదా మేడమ్, కొన్నాళ్లు పళ్లు బిగపట్టుకుంటే అయిపోతుంది అని ఫోన్లో చెప్పింది. వెళ్లొద్దన్నాను. మరి ఆర్డరు పోతే అంది.

 

జూలై 11

కమిటీ రిపోర్టులో వేయడానికి ఒక సక్సెస్ స్టోరీ రాశారు. భాష సరిచూడమని కోడలి ఆఫీసుకి పంపారు. కోడలు నాకిచ్చింది. పేరు లేదు. ఒక ఉపాధ్యాయురాలు, భర్త ప్రభుత్వ ఇంజనీరు, గడువు పూర్తి కాకముందే ఆమె సంతోషంగా ఇల్లు చేరుకున్నారు, కేసు సామరస్యంగా ముగిసింది అని పెట్టెకట్టి ఉంది.

ముగిసింది అన్న మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. కోడలి చేత కౌన్సెలింగ్ ఆఫీసుకి ఫోన్ చేయించాను. నిజమే. ఆడది ఇంటి గడప తొక్కిన రోజే ఫైలు మూసేస్తారట. టీచరు అర్జీ ఇక లేదు. ఆర్డరు కోసం పళ్లు బిగపట్టుకుని కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నీకు తెలుసా అన్నాను కోడలితో. ఇలా చేస్తారని తెలియదంది. చట్టంలో ఎక్కడా లేదు, ఆఫీసులో వాళ్లే అలవాటు చేసుకున్నారు అంది. లోపాలు వెతకడమే ఉద్యోగమైనవాళ్లం కాగితంలో వెతికాం, అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర వెతకలేదు.

పార్శిల్ కూడా ఇల్లు చేరుతుంది. లోపల గాజు పగిలిందా లేదా అన్నది విప్పితే గానీ తెలియదు. ఆ పేజీ ముట్టుకోకుండా తిరిగి కోడలి బల్ల మీద పెట్టాను. కోడలు ఏం చేసిందో అడగలేదు.

జూలై 19

టీచరు ఫోన్ ఎత్తడం లేదు. స్కూల్లో అడిగితే జ్వరమన్నారు.

జూలై 23

జ్వరం కాదు. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రి నుంచి టీచరే ఫోన్ చేస్తే వెళ్లాను.

అర్జీ మూసేశారని తెలిసి, మళ్ళీ రాస్తానందట. ఏ చేత్తో రాస్తావు అని మొగుడు మెల్లగా అడిగాడట. తర్వాత ఆ చేతిని తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఆసుపత్రిలో బాత్రూంలో జారిపడిందని రాయించాడు. మా బాత్రూం బాగా జారుతుంది మేడమ్, పెళ్లైన దగ్గర్నుంచీ జారుతూనే ఉంది అంది.

షెల్టర్ తీసుకోనంది. సయోధ్య కుదిరిన కేసట. కొత్త అర్జీ పెట్టి, కొత్త నంబరు వచ్చాక రమ్మంది. ఆసుపత్రి బెంచీ మీదే కొత్త అర్జీ రాయించాను. ఆమె చెప్పింది, నేను రాశాను. కొత్త గడువు మొదలైంది. టీచరుని టాక్సీ ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను.

ఎవర్నీ అడగలేదు. ఇల్లు నా పేరు మీదుంది, ముసలితనానికి ఆ మాత్రం సౌకర్యం ఉండాలి.

అబ్బాయి తన చదువుకునే గది ఖాళీ చేసిచ్చాడు. తలగడ తెచ్చి ఆమె చేతి కింద పెట్టాడు. ఆమె రెండు ముక్కలు మాట్లాడింది. వాడు బయటికొచ్చి, అమ్మా, కింది వరసలో రెండు పళ్లు విరిగున్నాయి, పాతవి, రెండూ ఒకేసారి పోయినవి కావు అన్నాడు. వాడి గొంతు అలా ఉండటం వాళ్ల నాన్న పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇవాళే. సర్దుకుపోండి అన్న మాట మా ఇంట్లో ఇంక వినపడదనుకుంటాను.

కోడలు సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మా ముందే పావురానికి ఫోన్ చేసింది. ఆ స్టోరీ తీసేయండి, ఆవిడ చెయ్యి విరిగింది అంది. ప్రింటింగ్ అయిపోయిందట. అయినా రాసిన తేదీకి అది నిజమే కదమ్మా అన్నాడట.

జూలై 30

ఆయన వచ్చాడు. చేతిలో పళ్ల సంచీ. గేటు బయటే నిలబడి అమ్మగారూ అని పిలిచాడు. గొంతు నిజంగానే వెన్న. ఈ గొంతుతో పాఠం చెబితే నా క్లాసులో ఒక్కడు నిద్రపోయేవాడు కాదు.

పెద్దవారు, నాలుగు మంచి మాటలు చెప్పి కలపాలి గానీ విడదీస్తారా అన్నాడు. ఎముకలు డాక్టరు కలుపుతున్నాడు నాయనా, నువ్వింక ఏమీ కలపక్కర్లేదు అన్నాను. గేటు తియ్యలేదు. గడువులో ఉన్నామండీ, భార్యతో మాట్లాడే హక్కు నాకుంది అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. వెళ్తూ సంచీ గేటుకి తగిలించి వెళ్లాడు.

పళ్లు చెత్తలో వేశాను. లోపలికొచ్చాక పట్టపగలే తలుపు గడియ పెట్టాను. వీధి కుక్కల వల్ల అని టీచరుతో చెప్పాను. ఆమె నమ్మినట్టు తలూపింది. అలా తలూపడంలో ఆమెకి అనుభవముంది.

ఆగస్టు 8

రిపోర్టు విడుదల సభ. పావురం ఆ పెట్టెకట్టిన కథని పైకి చదివాడు. ఇల్లు చేరుకున్నారు అన్న చోట గొంతు గద్గదమైంది. హాలంతా చప్పట్లు.

కోడలు రెండో వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టలేదు. లేచి మాట్లాడనూ లేదు. నేను రెండూ చూశాను. తను చూసింది నన్ను మాత్రమే.

ఆగస్టు 17

నాకు నోటీసు వచ్చింది. సయోధ్య గడువులో దంపతుల మధ్య అడ్డు వచ్చిన మూడో మనిషిని నేనట. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి, ఈలోగా ఆమెను భర్తతో సంప్రదింపులకు అందుబాటులో ఉంచాలి. తెచ్చిన ఉద్యోగి నన్ను పైనుంచి కిందికి చూసి, ఈ క్లాజు కింద ఊళ్లో ఇదే మొదటిదండీ అన్నాడు, ఏదో బహుమతి అందించినట్టు.

భోజనాల బల్ల మీద పెట్టాను. కోడలు చదివింది. మళ్ళీ చదివింది. తను రాసిచ్చిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. చాలా బాగా రాశావమ్మా, నా కత్తెరకి పనే లేదు అన్నాను.

అనకుండా ఉండాల్సింది అని ఎవరైనా అంటారేమో. అనవలసిందే.

కోడలు ఏడవలేదు. అత్తయ్యా అని మాత్రం అంది. 

అప్పుడు టీచరు కట్టు కట్టిన చేత్తో ఆ కాగితాన్ని బల్ల మీద అదిమిపట్టింది. ఎడమ చేత్తో ఎర్ర పెన్ను తీసింది. నోటీసుకి అడ్డంగా, ఒకటో తరగతి పిల్ల రాతతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. తప్పు. మళ్ళీ చెయ్యండి.

రాసి, కోడలి వైపు తోసింది.

ఆగస్టు 18

పొద్దున్నే కోడలు కమిటీకి వెళ్లింది. డ్రాఫ్టులేమీ పట్టుకెళ్లలేదు. ఆ ఒక్క కాగితం మడతపెట్టకుండా, రెండు చేతులతో పట్టుకుని వెళ్లింది. ఇంకా రాలేదు.

టీచరు ఎడమ చేత్తో అంకెలు దిద్దుకుంటోంది. ఎనిమిది కుదరడం లేదు.

గేటుకి మళ్ళీ పళ్ల సంచీ వేలాడుతోంది. ఎప్పుడొచ్చాడో ఎవరం చూడలేదు. ఈసారి సంచీ గేటుకి లోపలి వైపున ఉంది.