ఐదేళ్ళు పొడిగించిన లైసెన్సును వెనక్కి తీసుకొనుట గురించి

రుఆబాంధా సెక్టారు, భిలాయి.

జిల్లా వాహన లైసెన్సుల అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాకు మోటారుసైకిలు నడుపుటకు తమ కార్యాలయం దయచేసిన లైసెన్సును తక్షణం రద్దు చేయవలసినదిగా కోరుచు, సదరు లైసెన్సుదారుడే పెట్టుకొను అర్జీ.

పొట్నూరు నూకరాజు అను నేను, వయస్సు అరవై ఆరు, ఉక్కు కర్మాగారపు సేఫ్టీ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైనవాడను. తమరు బొబ్బిలి వైపు వారని, తెలుగు చక్కగా చదువుతారని తమ గుమాస్తాగారి ద్వారా తెలిసి తెలుగులో రాసుకుంటున్నాను. హిందీలో రాసిపెట్టేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ రాసేవాళ్ళు చదువుతారు కూడా, అదే చిక్కు. మా అబ్బాయికి, కోడలికి, మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ అక్షరం రాదు. నేర్పలేకపోయానని ఇన్నేళ్ళూ బాధపడ్డాను. ఈ కాగితాన్ని భోజనాల బల్ల మీద అందరి ముందూ పరిచి రాసుకుంటున్న ఈ పూట మాత్రం, నేర్పకపోవడమే మంచిదయిందనిపిస్తోంది.

1. తమ కార్యాలయపు ఔదార్యం:

గత జూన్ నెలలో నా లైసెన్సు గడువు తీరినందున పొడిగింపు కోరడమైనది. నా వయస్సు దృష్ట్యా డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. సదరు డాక్టరుగారు జిరాక్సు షాపు వెనక గదిలో ఫోను చూసుకుంటూ, తల ఎత్తకుండా, "దిఖ్తా హై నా?" అని అడిగారు. కనిపిస్తోంది కదా అని దాని అర్థం. వారు ఎదురుగా కూర్చున్నందున కనిపించారు. దిఖ్తా హై అన్నాను. ముద్ర పడింది. నా కుడి భుజం మీది పుట్టుమచ్చను మాత్రం ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు.

ఆ సమయంలో నా చొక్కా జేబులో కళ్ళ డాక్టరు రాసిన చీటీ ఉన్నది. నీటికాసులు అనే జబ్బు వల్ల ఎడమకంటికి పక్కచూపు పూర్తిగా పోయిందని, పోయినది తిరిగి రాదని, ఎదర చూపు బాగున్నందున నాకు తెలియడం లేదని, బండి నడపరాదని ఆమె రాశారు. అడిగితే చూపిద్దామనే వెళ్ళాను. అడగకపోతే బాగుండునని కూడా కోరుకున్నాను. తమ వ్యవస్థ నా రెండో కోరికను మన్నించింది. ఐదేళ్ళు పొడిగించారు. ఇంత నమ్మకం నా మీద నాకే లేదు.

2. తమ శాఖ వారు చేసిన సన్మానం:

రోడ్డు భద్రతా వారోత్సవాల్లో నన్ను మా సెక్టారు మైదానంలో వేదిక ఎక్కించి, "ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్క ప్రమాదం కూడా చేయని చోదకుడు" అని శాలువా కప్పారు. హెల్మెట్ గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమవైపు కూర్చున్న ముఖ్య అతిథిగారు నాకు కనిపించలేదు. వారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారని తరువాత తెలిసింది.

ప్లాంటులో నేను కుర్రకారుకు నేర్పిన పాఠం వేరు. ముందు ప్రమాదాన్నే అక్కడి నుంచి తీసెయ్యాలి. తియ్యలేకపోతే దానికీ మనిషికీ మధ్య అడ్డు పెట్టాలి. అదీ కుదరకపోతే హెచ్చరించాలి. ఏదీ చేతకానప్పుడు, ఆఖరున, హెల్మెట్. రోడ్డు మీదికొచ్చేసరికి మనం ఆఖరుదానితో మొదలుపెట్టి అక్కడే ముగిస్తున్నాం. హెల్మెట్ పెట్టుకుంటే పోయిన చూపు వస్తుందా? ఈ కేసులో తీసెయ్యవలసిన ప్రమాదం పేరు పొట్నూరు నూకరాజు. శాలువా కప్పితే అది పోదు.

3. జరిగిన సంగతి:

పెద్ద దెబ్బ తగలకుండా తప్పిపోయిన ప్రమాదాన్ని కూడా కాగితం మీద పెట్టాలని ప్లాంటులో నియమం. నియర్ మిస్ అంటారు. అటువంటి కాగితాలు వేలకు వేలు రాయించినవాడను, నాది నేను రాయడం ఇదే మొదలు.

మా మనవరాలు కిరణ్మయి, తొమ్మిదేళ్ళది, రోజూ ఉదయం నా బండి వెనక కూర్చుని సుపేలా మీదుగా నెహ్రూ నగర్ వైపు బడికి వస్తుంది. దారి పొడుగునా ఆపకుండా వాగుతుంది. "తాతా, లెఫ్ట్‌లో ఆటో. తాతా, లెఫ్ట్‌లో కుత్తా. తాతా, లెఫ్ట్ సే బస్ ఆ రహీ హై." ఎడమపక్క ఆటో అని, కుక్క అని, బస్సొస్తోందని. పసిపిల్ల, కబుర్ల పోగు అనుకుని మురిసిపోయాను. కుడివైపు సంగతులు ఒక్కనాడూ చెప్పలేదేమిటా అని నాకు తట్టలేదు. సేఫ్టీ విభాగంలో నా తనిఖీలకు మంచి పేరుండేది.

ఈ నెల పన్నెండున దానికి పరీక్ష. వెనక కూర్చుని హిందీ పద్యం వల్లెవేసుకుంటోంది. సుపేలా కూడలిలో ఎడమవైపు నుంచి బ్యాటరీ రిక్షా వచ్చింది. వచ్చిందని అది రాసుకుపోయిన తరువాత తెలిసింది. దాని అంచు పిల్ల మోకాలిని గీసింది. మేజోడు చిరిగింది, నెత్తురొచ్చింది. బండి పక్కకు ఆపి నేను మోకాలికి రుమాలు కడుతుంటే, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏమన్నదో యథాతథంగా రాస్తున్నాను:

"సారీ తాతా. బోల్నా భూల్ గయీ. పద్యంలో పడి చెప్పడం మర్చిపోయేను."

అయ్యా, అది నాకు క్షమాపణ చెప్పింది.

సాయంత్రం వాళ్ళమ్మ అడిగితే బడిలో పడ్డానని అబద్ధం ఆడింది. నేను ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాను. తాగాను.

4. స్వయంగా తీసుకున్న చర్యలు, వాటి ఫలితం:

ప్లాంటులో యంత్రం పాడైతే స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతాం. దాని మీద కట్టినవాడి పేరు, సంతకం ఉంటాయి. కట్టినవాడే విప్పాలి, మరొకరు ముట్టరాదు. ఆ రాత్రే ట్రంకు పెట్టెలోంచి పాత ట్యాగు తీసి, "ప్రమాదం, నడపరాదు" అని, నా పేరు రాసి బండి హ్యాండిలుకు కట్టాను.

మా ఆవిడ వరలక్ష్మమ్మ పొద్దున్నే చూసి, "ఏటండి, బండికి దిష్టి తగిలిందేటి, ఎర్రట్ట కట్టేరు?" అంది. మా అబ్బాయి మనోజ్‌కుమార్ నైటు డ్యూటీ దిగి వచ్చి నవ్వాడు. "క్యా నాన్నా, రిటైరయినా సేఫ్టీ వదల్లేదా? నీకన్నా సేఫ్‌గా నడిపేవోడు ఈ టౌన్‌షిప్‌లో ఎవడున్నాడు? కిరణ్ నీ వెనకాల ఉందంటే నాకు టెన్షనే నహీ." అని పడుకున్నాడు.

ఏడు గంటలకు పిల్ల బడిసంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. నియమం ప్రకారం ట్యాగు విప్పే అధికారం కట్టినవాడిదే. విప్పాను. బహుశా ఆ నియమాన్ని నా అంత కచ్చితంగా పాటించినవాడు ఆ ప్లాంటులో ఇంకొకడు ఉండడు. ఆ తరువాత మూడుసార్లు కట్టాను, మూడుసార్లు విప్పాను.

5. ఇంట్లో చెప్పవచ్చు కదా అని తమరు అడగవచ్చు. చెప్పవచ్చు. సెక్టారులో నన్నందరూ సేఫ్టీ అంకుల్ అంటారు. బండి ఉన్నంతసేపు నేను ఒకరిని దింపేవాడిని, ఒకరిని తెచ్చేవాడిని. లేకపోతే ఎవరు తీసుకెళ్తారా అని గుమ్మంలో కూర్చునేవాడిని. సిగ్గేస్తోంది. ఇంతకంటే అధికారిక కారణం నా దగ్గర లేదు.

కావున తమరిని కోరుకొనునది:

అ) నా లైసెన్సును ఈ వారంలోనే రద్దు చేయవలెను. లైసెన్సు ఇవ్వడానికి చూపిన వేగమే చూపిన చాలును.

ఆ) సదరు ఉత్తర్వును హిందీలో, పెద్ద అక్షరాలతో, మా అబ్బాయి పేర రిజిస్టరు పోస్టులో పంపవలెను.

ఇ) కారణం వద్ద "వృద్ధులకు వర్తించు కొత్త నిబంధన" అని రాయించగలరు. అటువంటి నిబంధన లేదని నాకు తెలుసు. ఉన్న నిబంధనలను తమ కార్యాలయం ఎటూ పట్టించుకోనందున, లేనిదొకటి చేరితే నష్టముండదని మనవి.

ఇంతకాలం ఎవరూ చూడనిదానిని తమరైనా చిత్తగించవలెను.

అర్హత లేకుండానే అర్హుడైన
తమ విధేయుడు,
పొట్నూరు నూకరాజు

జతపరచినవి: కళ్ళ డాక్టరు చీటీ, లైసెన్సు, ఎర్ర ట్యాగు (నా పేరు కొట్టివేసి, సంతకం స్థలం తమ కోసం ఖాళీగా ఉంచడమైనది).

తా.క.: ఈ నాలుగు ముక్కలూ తమ వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పైన (ఇ) కొట్టివెయ్యండి. నిజమే రాయించండి. ఆ పిల్ల నా కోసం ఒక అబద్ధం ఆడింది, దానిచేత ఇంకొకటి మోయించను. సాయంత్రం ఇంట్లో నేనే చెబుతాను, చెప్పలేకపోతే తమ ఉత్తర్వు చెబుతుంది.

బండి మీ స్టాండులో పెట్టాను. రెండు తాళాలూ ఈ కవరులోనే ఉన్నాయి. బస్సులో ఇంటికి పోతాను.

రేపు పదిన్నరకు ఒక పెద్దమనిషి మీ గదికొస్తాడు. చాలా మర్యాదస్తుడు. ఏదో తొందరపాటున రాశానంటాడు, పిల్ల బడికి నడిచిపోతోందంటాడు, మీ గోడ మీది కాలెండరులో చిన్నక్షరాలు కూడా చదివి వినిపిస్తాడు. నవ్విస్తాడు కూడా. ఎంత బతిమాలినా తాళాలు వాడికి ఇవ్వకండి బాబూ.