నారింజ గదిలో నా ఎనిమిదో వంతు

నా మతి స్థిరంగా ఉందని మొదటి వాక్యంలోనే రాయాలట. మా ఇంట్లో అసలు అభ్యంతరం ఆ వాక్యం మీదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పణజీ పట్టణం, ఫోంతైన్యాస్ వాడ కాపురస్తుడు, కీర్తిశేషుడు రొమాల్డో కుతిన్యో కూతురిని, ఇంటి లోపలి అలంకరణ చదువుకుని అదే పనిలో ఉన్నదాన్ని, ఇరవై ఏడేళ్ల ఫ్లావియా ఇర్మా కుతిన్యో అనే నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే మంగళవారం నా గుండెలో ఒక కవాటం మార్చబోతున్నారు. నూటికి తొంభై ఏడుగురు లేచి తమ కాళ్ల మీద ఇంటికి వెళ్తారని డాక్టరుగారు చెప్పారు. ఈ కాగితం మిగతా ముగ్గురి లెక్కలో నేనుంటే పనికొస్తుంది.

మార్చిలో నాన్న పోయారు. నవంబరులో నేను మా ముందుగదికి నారింజ రంగు వేయించాను. చావు జరిగిన ఇంటి గోడకి ఏడాదిపాటు కుంచె తగలకూడదన్నది మా కుటుంబం పట్టింపు. వానలు వెలిశాక వాడంతా నిచ్చెనలెక్కినా ఆ ఇల్లు మాత్రం నాచుతో అలాగే నిలబడి ఉండాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. నాన్న మీద పాత కోపంతో వేయించానని అమ్మ నమ్మకం. పెళ్లి తప్పిపోయిన బెంగతో అని బంధువుల నమ్మకం. చదివిన చదువు ఎక్కడో ఒకచోట పూయాలి కదా అని అన్నయ్య ఎడ్సన్ అంటాడు. మూడూ తప్పే. ఇంకో కారణం ఉందేమోనని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. ఎందుకో ఐదో అంశంలో ఉంది.

1. నేను పోతే నా శరీరాన్ని ముందుగదిలోనే ఉంచాలి. నవంబరు నుంచి అమ్మ ఆ గదిలోకి అడుగుపెట్టలేదు, వంటింటి మెట్ల మీదుగానే రాకపోకలు. ఆ ఒక్కరోజూ తప్పదు. ఒక హెచ్చరిక: ఆ గోడల మధ్య ఎవరి ముఖమైనా బతికున్నట్టే కనిపిస్తుంది. అది గోడల పని. చూసి ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

2. మా అమ్మ ఒలిండాకి నేను నీలం రంగు వేసిన రెండు కుర్చీలు, నా బంగారు గొలుసు, కుట్టుమిషను. రంగు వేసిన మొదటిరోజు ఆమె గుమ్మంలో నిలబడి చూసి, "నాలుగు నెలలు ఆగలేకపోయావా, అమ్మాయ్? మీ నాన్న ఇంకా ఈ గోడల్లోనే ఉన్నాడు," అంది. అని, మడ్గావ్‌లో వాళ్ల చెల్లెలింటికి వెళ్లి పది రోజులుండి వచ్చింది. ఆమె చూసింది తడి రంగు. సున్నంలో కలిపిన రంగు తడిగా ఉన్నప్పుడు మండుతున్నట్టుంటుంది, ఆరాక నాలుగోవంతుకి దిగుతుంది. ఆరిన రంగుని ఆమె ఇప్పటిదాకా చూడలేదు. కుర్చీలు ఆ గదిలోంచి కదలకూడదు. కూర్చోవాలంటే అక్కడికే రావాలి.

3. అన్నయ్య ఎడ్సన్‌కి నా కెమెరా, రంగుల పుస్తకాలు, కంప్యూటరు. ఆ గదిని చూసి, "గ్లాసు తెస్తే గోడ పిండుకుని తాగేయొచ్చు," అన్నది వాడే. నాన్న పేరున నెలనెలా జరిగే ప్రార్థనకి వచ్చినవాళ్ల ముందు, నేను కాస్త తేడాగా ఉన్నానని గొంతు తగ్గించి చెప్పింది కూడా వాడే. మరోపక్క, నాకు ఊపిరాడని రోజున స్కూటరు మీద కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా నా చెయ్యి తన నడుం చుట్టూ పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది వాడే. రెండూ గుర్తుపెట్టుకునే రాస్తున్నాను. గత నెల ముందుగదిలో పెద్ద అల్మారా జరిపితే వెనక గోడ మీద మూడు తెల్లరంగు పట్టీలు కనిపించాయి, ఏది బాగుంటుందో చూసుకోవడానికి పూసినవి. మూడూ ఒకటే తెలుపు, ఎడ్సన్. వాటి పేర్లే వేరు.

4. ఇనాస్ మామకి నా టేకు నిచ్చెన. ఈ వాడలో సగం ఇళ్లకి రంగులేసిన మనిషి తాడుతో కట్టిన నిచ్చెన ఎక్కుతున్నాడు. రెండేళ్ల కిందట నేను కాలేజీ పరిజ్ఞానంతో నా పడకగదికి డబ్బా నారింజ రంగు, నిగనిగలాడే నూనెరంగు వేశాను. జూలై వానలకి అది దుప్పటిలా ఊడి మంచం మీద పడింది. చూసి ఇనాస్ మామ నవ్వలేదు. "ఈ గోడలకి చెమట పడుతుంది తల్లీ. నువ్వు దానికి రెయిన్‌కోటు తొడిగావు," అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా అవసరమైతే: మూడు వారాలు నానిన సున్నం, పసుపుమట్టి రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, గుప్పెడు ఉప్పు. గోడని ముందు నీళ్లతో తడపాలి. పాలలా పల్చగా ఐదుసార్లు పూయాలి. తలుపు చట్రాలకీ కిటికీ అంచులకీ నీలిమందు కలిపిన సున్నం. ఒట్టి నారింజ ఉంటే గదిలో ఒకే మనిషి అరుస్తున్నట్టుంటుంది. పక్కన కాస్త నీలం పడితే రెండూ సర్దుకుని మాట్లాడతాయి. అంతకంటే నీలం ఎక్కువైతే మళ్లీ చలి పుడుతుంది. రెండింటినీ ఒకే కుండలో మాత్రం కలపకూడదు, బూడిద మిగులుతుంది.

5. ఈ అంశాన్ని తీతీ ముందు చదవకూడదు. తీతీ అంటే నాన్న అక్క ఎర్మెలిండా, డెబ్బై ఒకటో ఏడు. ముందుగదిలో ఆల్చిప్పల పలకల కిటికీ పక్కన ఉన్న మంచమూ కుర్చీయే ఆమె ఇల్లు.

మా సందు వెడల్పు రెండు చేతుల పొడవు. ఎదురింటి క్లారీస్ పిన్హైరోగారు నాన్న పోవడానికి ముందు ఏడాది తమ పసుపు గోడని ముదురు నీలంగా మార్చారు. ఆ రోజు నుంచి మా గదిలోకి ఎండలాంటి పసుపు వెలుగు రావడం మానేసి, వాళ్ల గోడ మీద పడి తిరిగొచ్చిన నీలం వెలుగు రావడం మొదలైంది. మా గోడలది మీగడ రంగు, ఎవరేమిస్తే అది తీసుకునే రంగు. గదిలో ఎవరు కూర్చున్నా పెదవులు నల్లబడినట్టు, చెంపలు లోపలికి పోయినట్టు కనిపించేవి. మేమంతా వస్తూ పోతూ ఉండేవాళ్లం. రోజంతా అక్కడే కూర్చునేది తీతీ ఒక్కతే.

సెప్టెంబరులో ఒక ముసురు రోజు మా బంధువొకామె కిటికీలోంచి తొంగిచూసి చర్చికి పరుగెత్తింది. అరగంటలో ఫాదర్‌గారు గొడుగు మూసుకుంటూ, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి పూసే నూనె పట్టుకుని వచ్చారు. తీతీ అప్పుడు టీలో ముంచుకోవడానికి రొట్టె కోసం ఎదురుచూస్తోంది. వచ్చిన ఫాదర్‌గారిని ఖాళీ చేతులతో పంపడం మర్యాద కాదని నుదురు చాపి పూయించుకుంది. ఆ సాయంత్రం మేమంతా నవ్వుకున్నాం. తీతీ నవ్వలేదు. మర్నాడు పెట్టెలోంచి తన ఆఖరి ప్రయాణపు గౌను తీసి ఇస్త్రీ చేయమని నాకిచ్చింది. నేనేదో సర్దిచెప్పబోతే, "అందరూ నన్ను చూడగానే గొంతు తగ్గిస్తున్నారు. ఊరికే తగ్గిస్తారటే?" అంది. అక్టోబరు నాటికి రొట్టె సగం వదిలేస్తోంది. డాక్టరుకి చూపిస్తే ఏ జబ్బూ లేదన్నారు.

జబ్బు ఆమెకి కాదు, గోడకి. కిటికీ మూస్తే ఆమెకి వీధి ఉండదు. ఎదురింటి రంగు మార్చమనడానికి నాకు హక్కు లేదు. ఆ నీలానికి ఎదురు నిలబడగలిగేది రంగుల చక్రంలో ఒకటే ఉంది, నారింజ. మార్చి దాకా ఆగితే ఎవరి పట్టింపు నెగ్గేదో, ఏ గౌను తొడగాల్సొచ్చేదో నేను లెక్క వేసుకున్నాను. అమ్మకి కారణం చెప్పాలంటే మొదట, "తీతీ శవంలా కనిపిస్తోంది," అనాలి. మా ఇంట్లో వంటింట్లో అన్నమాట ముందుగదిలో వినిపిస్తుంది. అందుకని నోరు మూసుకుని తిట్లు తిన్నాను.

గోడలు ఆరిన మూడో రోజున, చాలాకాలంగా రాని తెలిసినావిడ ఒకామె వచ్చి, "ఏం తింటున్నావు ఎర్మెలిండా, ఇలా మెరుస్తున్నావు?" అని అడిగింది. ఆ పూట తీతీ రెండు రొట్టెలు తింది. గౌను నా బీరువాలో ఉంది. ఆమె అడిగితే ఇవ్వాలి, అడగకపోతే గుర్తుచేయొద్దు.

6. స్థిరాస్తి. ఈ ఇంట్లో సగం అమ్మది. నాన్న సగంలో ఎడ్సన్‌కీ నాకూ సమానం. నాకు పిల్లల్లేరు కాబట్టి, నేను పోతే నా పావులో సగం, నాకిష్టమున్నా లేకపోయినా, అమ్మకే చెందాలని మా ప్రాంతపు చట్టం. నా చేతిలో మిగిలేది ఇంటి మొత్తంలో ఎనిమిదో వంతు. ఈ మాట మొన్న భోజనాల దగ్గర వస్తే ఎడ్సన్, ఎనిమిదో వంతంటే ఒక కిటికీ కూడా రాదని నవ్వాడు.

ఎడ్సన్ ఈ ఇంటిని టూరిస్టుల బసగా మార్చాలనుకుంటున్నాడు. ముందుగదికి తెల్లరంగు వేసి, బల్ల ఒకటి పెట్టి, వచ్చేవాళ్లని అక్కడ కూర్చోబెడతాడు. తీతీని బావి పక్కన కొబ్బరికాయలు పోసే గదికి మారుస్తాడు. "ఆవిడకి ఏ గదైతేనేం, కూర్చోవడమే కదా," అన్నాడు. తీతీ వింది. మారనని అనడానికి ఆమెకి ఇక్కడ ఏ హక్కూ లేదు. పంతొమ్మిదో ఏట సన్యాసినుల మఠంలో చేరబోతూ తన వాటా మొత్తం తమ్ముడికి వదులుకుంటున్నట్టు సంతకం పెట్టింది. పదకొండు నెలలకి ఆమె తిరిగొచ్చింది, ఆ కాగితం రాలేదు. యాభై ఏళ్లుగా ఆమె ఈ ఇంట్లో ఉంటున్నది మా మంచితనం మీద. మంచితనం మీద మనిషిని అంతకాలం కూర్చోబెట్టకూడదని నా అభిప్రాయం.

కాబట్టి నా చేతిలో ఉన్న ఆ ఎనిమిదో వంతుని, సర్వహక్కులతో, ఎర్మెలిండా కుతిన్యోకి దఖలు పరుస్తున్నాను. వాటాదారులందరి సంతకాలూ లేకుండా ఇంటిని బసగా మార్చడం కుదరదని, ఈ వీలునామా అమలుచేయడానికి ఒప్పుకున్న నా స్నేహితురాలు, వకీలు సిబిల్ రెబెల్లో చెప్పింది. తీతీ సంతకం పెట్టాలనుకుంటే పెట్టొచ్చు. గోడలు తెల్లగా కావాలని ఆమె కోరినా వేయాలి. అడగాల్సింది మాత్రం ఆమెని.

7. క్లారీస్‌గారు దీనికి సాక్షి కాబట్టి ఆమెకి ఏమీ రాయకూడదట. ఇనాస్ మామని కూడా సాక్షిగా అడిగాను. సాక్షి అయితే నిచ్చెన రాదని చెబితే నిచ్చెన ఎంచుకున్నాడు. క్లారీస్‌గారి గోడ గురించి మా ఇంట్లో ఎవరూ ఫిర్యాదు చేయొద్దు. ఆ నీలం బాగుంది.

8. ఇది రాస్తూ ఉండగా నాకు అర్థమైనది ఒకటి. జూన్‌లో నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరుతున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఇదే చెప్పడం. నేను పోయినా, వెళ్లిపోయినా తీతీకి ఒకటే, ఆ గదిలో ఆమె వైపు మాట్లాడేవాళ్లు ఉండరు. అందుకని, మంగళవారం నేను పోతే ఆరో అంశం అమలవుతుంది. పోకపోతే, కుట్లు విప్పిన వారంలో తీతీని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి, అదే వాటాని నా చేతులతో దానపత్రం రాసిస్తాను. అమ్మ ఏడ్చినా, ఎడ్సన్ మాట్లాడటం మానేసినా రాసిస్తాను. ఈ నిర్ణయానికి నేను బతకడంతోగానీ చావడంతోగానీ సంబంధం లేదు.

పణజీ, 2023 ఫిబ్రవరి 3, శుక్రవారం.

(సంతకం) ఫ్లావియా ఇర్మా కుతిన్యో

సాక్షులు:
1. క్లారీస్ పిన్హైరో, ఎదురిల్లు
2. ఆగ్నెలో దొరాదో, రొట్టెల వ్యాపారం, ఇదే వాడ