మరియమ్మవ్వ ఇచ్చిన నీళ్లు

మంగళవారం, చాగలమర్రి

ఈ మధ్యాహ్నం ఇంకా కలలాగే కళ్లముందు తేలుతోంది. నిన్న మంచినీళ్లడిగిన ఇద్దరు మరియమ్మవ్వ మెడలో గొలుసు తెంచుకుపోయారు. ఊరి మహిళా పోలీసుగా అవ్వ ఇంటికి వెళ్లాను.

"కొత్తోళ్లకు తలుపు తీయొద్దవ్వా," అన్నాను.

"దప్పికని అడిగితే లేదని యెట్ల జెప్పేది పాపా?"

అంతలో వాకిట్లో బైకు ఆగింది. "అవ్వా, రోంత నీళ్లిస్తావా?" అన్నాడు ఎవరో. నేను గడియ మీద చెయ్యి వేశాను. అవ్వ నన్ను పక్కకు జరిపి, మెడ చుట్టూ కొంగు కప్పుకుని, చెంబు అందించింది. ఎండలో ఆ నీటిధార వెండిలా మెరిసింది. అతను తాగి, "సల్లంగుండవ్వా," అని వెళ్లిపోయాడు.

అతను తాగుతుండగా బండి నంబరు అరచేతిలో రాసుకున్నాను. ఇందాక అన్నానికి చెయ్యి కడుక్కుంటుంటే ఆ అంకెలు చూసి సిగ్గేసింది. అయినా వాటిని పూర్తిగా రుద్దేయలేకపోయాను...