కెజియా రాని కోతలు

ఇల్లినాయ్, 1855 జూలై 22

చెల్లెలు లొవీనాకు,

మేమిద్దరం క్షేమం. గోధుమ కోత అయిపోయింది.

ఏటా కోతలకు చుట్టుపక్కల వాళ్ళు పద్నాలుగు మంది వచ్చేవారని నీకు తెలుసు. వాళ్ళలో ఓరిన్ భార్య కెజియా నాతోపాటు వంటింట్లో ఉండేది. ఏడాది మొత్తంలో నేను ఇంకో ఆడమనిషితో కడుపునిండా మాట్లాడేది ఆ వారమే.

ఈసారి మీ బావ కోత యంత్రం కొన్నారు. పనికి ముగ్గురు కూలీలే వచ్చారు. తల వంచుకుని తిని లేచిపోయారు. నేను మాత్రం అలవాటుకొద్దీ అందరికీ సరిపడా వండేశాను.

“ఎవరొస్తారనే ఇంత చేశావు?” అన్నారు మీ బావ.

మిగిలిన రెండు ఆపిల్ పైలు బుట్టలో పెట్టుకుని మర్నాడు కెజియా ఇంటికి మూడు మైళ్ళు నడిచాను. తలుపు తీసే ఉంది. లోపల సామానేమీ లేదు, ఇనప పొయ్యి కూడా ఊడదీసి పట్టుకుపోయారు. గడప మీద కూర్చుని, ఒక పైలో సగం తిని తిరిగొచ్చాను.

“ఓరిన్ మే నెలలోనే పెళ్ళాంతో సహా పట్నం పోయాడే. ఈ యంత్రాలు చేసే కార్ఖానాలో చేరాడు. నీకు చెప్పాననుకున్నాను,” అన్నారు మీ బావ. ఆయన గుర్రాలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఆ కార్ఖానా మీ షికాగోలోనే, నది ఒడ్డున ఉందట. ఏ ఆదివారమైనా తీరిక దొరికితే కెజియా ఎక్కడుందో కనుక్కో. పొడవాటి మనిషి, ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటుంది. నేను బాగున్నానని చెప్పు. మాటైనా చెప్పకుండా వెళ్ళినందుకు నాకు కోపం లేదని చెప్పు.

అది నిజం కాదు. అయినా అలాగే చెప్పు.

మీ అక్క